రాసినవాడి అనుమతి

గీత లోపలికి రాగానే కాపలా మనిషి ఆమె వెనకే గేటుకు తాళం వేశాడు.

"కుక్కలు జొరబడుతయని," అన్నాడు వరండాలో కూర్చున్న సారయ్య, ఎవరూ అడగకుండానే.

కురవి చుట్టుపక్కల సారయ్యకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. గ్రానైట్ క్వారీ ఆయనది, లారీలు ఆయనవి. వయసులో ఉన్నప్పుడు మొహానికి రంగు పూసుకుని పద్యాలు పాడేవాడు. ఊరి నాటక సమాజానికి ఇప్పటికీ ఆయనే అధ్యక్షుడు. ఆ పద్యాలు ఎంత ఘోరంగా ఉండేవో చెప్పే గుండె మాత్రం ఇంతవరకూ ఎవరికీ లేకపోయింది.

గీత సంచిలోంచి కాగితాల కట్ట తీసింది.

"పాత నాటకాల మీద పరిశోధన చేస్తున్న సార్. గీ నాటకం మానుకోటల ఆడిద్దామని. రాసినోళ్ల పేరు లేదు. అనుమతి లేకుంట ఆడితే తప్పు గద. గీ దిక్కు నాటకాల సంగతి మీకే ఎరుకన్నరు."

"కథ ఏంది?"

"క్వారీల పనిచేసే తండా మనిషిది సార్. కూలి పెంచాలని అందర్ని కూడగడతడు. ఒకనాడు పనికి పోయి మళ్ల ఇంటికి రాడు. బొంబాయి పారిపోయిండని యజమాని చెప్తడు. ఊరంత నమ్ముతది."

సారయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. అయినా నవ్వాడు. ఆ నవ్వు చూసి గేటు దగ్గరి మనిషి మెల్లగా వచ్చి గీత వెనక నిలబడ్డాడు.

"ఇంకెవరన్న చదివిండ్రా?"

"లేదు సార్."

"ఇంకో కాపీ?"

"గిదొక్కటే."

"నువ్వు ఈడికొచ్చినట్టు ఇంట్ల ఎరుకేనా?"

గీత తల అడ్డంగా ఊపింది. ఆమెకు భయంగానే ఉంది. వెనకున్న మనిషి ఊపిరి మెడకు తగులుతోంది.

సారయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "గిది నేను రాసిందే బిడ్డా. వయసుల ఉన్నప్పుడు. అనుమతి ఇయ్య. ఆడేది లేదు. కాగితాలు ఈడ పెట్టి పో."

గీత మొహం వాడిపోయింది. "మీరు రాస్తే మీ మాటే సార్. కాకుంటే నర్మెట్టల ఒకాయన గూడ నేనే రాసిన అన్నడు. ఆడుకొమ్మన్నడు."

"ఎవడు వాడు?"

"పేరు బయటపెట్టొద్దన్నడు సార్. ఎవర్ని నమ్మాల్నో నాకు సమజైతలేదు. ఆఖరి రంగం కాగితాలు చినిగిపోయినయి. రాసినోళ్లకైతే అది ఎరుకుంటది గద. ముందటి కథకు ఎవరి మాట సరిగ్గ అతికితే హక్కు వాళ్లదే."

"ఆడు ఏం చెప్పిండు?"

"యజమాని ఆ మనిషిని చంపి బాయిల పడేస్తడట."

సారయ్య ఫక్కున నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వాక్యం కల్పించి రాసిన పాపాన పోలేదు గాని, కవి అనిపించుకోవడం ఆయనకు అప్పుడే రుచించింది.

"బాయిలేస్తే తెల్లారి తేలడా? బుద్ధున్నోడు రాసే రంగమేనా గది? రాసుకో. క్వారీల ఉత్తరం దిక్కు పని బంద్ పెట్టిన పాత గుంత ఉంటది. వాన్ని అండ్ల పండవెడతరు. మీదికెంచి రెండు లారీల తుక్కు రాళ్లు గుమ్మరిస్తరు. రాళ్ల మీద మైసమ్మ గద్దె కడతరు. అమ్మోరి గద్దెను ఎవడు తవ్వుతడు చెప్పు?"

వెనకున్న మనిషి దగ్గాడు. సారయ్య పట్టించుకోలేదు. రంగస్థలం మీద ఉన్నవాడికి దగ్గులు వినపడవు.

"ఇంకోటి రాసుకో. ఏటేటా వాని పెండ్లామే వచ్చి ఆ గద్దె కాడ కొబ్బరికాయ కొడతది. మొగడు తిరిగి రావాలె తల్లీ అని మొక్కుతది. జనం కండ్లల్ల నీళ్లు తిరగాలె."

గీత చేతిలో పెన్ను ఆగిపోయింది. కొంచెంసేపటికి మళ్లీ కదిలింది.

"రాసినోళ్లు మీరే సార్," అంది లేస్తూ. "అనుమానం లేదు."

సారయ్య కాగితాల కట్ట అందుకున్నాడు. పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. కట్ట మొత్తం అందులో పడేసి, బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. "ఇగ ఆట బంద్. గేటు తియ్యిరా, పిల్లకు బస్సు పోతది," అన్నాడు దయగా.

గీత రోడ్డు మీదికి వచ్చింది. బస్టాండు వైపు కాకుండా క్వారీ వైపు నడిచింది.

కాగితాలేవీ చినిగిపోలేదు, ఆ నాటకం రాసింది గీతే, తండ్రిని ఎక్కడ పూడ్చిపెట్టారో తెలియక ఆఖరి రంగం దగ్గర ఆపేసింది.