పక్క మంచం మొగుడు

"డాక్టరుకు చెప్తానుండు. కడుపు కుట్టినాక దారం మిగిలితే నీ నోరు కూడా కుట్టమని," అన్నాడు వీరేష్, శివలీల తల దువ్వుతూ.

"ముందు చిక్కు సరిగ్గా తియ్యి. జుట్టంతా పీకేస్తాండావు."

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. రెండు మంచాల గది. పత్తికొండ నుంచి వచ్చిన శివలీలకు ఆ మధ్యాహ్నం గర్భసంచి తీసే ఆపరేషన్. పక్క మంచం మీద టైఫాయిడ్‌తో శిల్ప, ఆమె పక్కన స్టూలు మీద భర్త అవినాష్. ప్రేమించి పెళ్లి చేసుకుని నాలుగు నెలలైంది.

ప్రేమ విషయంలో అవినాష్‌కు వంక పెట్టడానికి లేదు. శిల్ప చేతికి సెలైన్ సూది గుచ్చిన ఐదో నిమిషంలోనే ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని ఫోటో తీశాడు. "నా ప్రాణం నీరసంగా ఉంది" అని స్టేటస్ పెట్టాడు. గుండె ఆకారం బెలూన్లు తెచ్చి మంచానికి కట్టాడు. అడ్డమొస్తున్నాయని నర్సు వాటిని విప్పేస్తే, ఈ కాలంలో మనుషులకు మనసు లేదని బాధపడ్డాడు.

"అవినాష్, కొంచెం వేడినీళ్లు," అని అడిగింది శిల్ప.

"ఒక్క నిమిషం బంగారం. నీకెట్లుందని అందరూ అడుగుతున్నారు. జవాబు పెట్టాల గదా."

ఆ నిమిషం అరగంటైంది. శివలీల వీరేష్‌ను మోచేత్తో పొడిచింది. "నన్నెట్లాగూ నీళ్లు తాగొద్దన్యారు. ఆ పాపకన్నా తెచ్చియ్యి పో."

"నేను నీకు జీతగాణ్నా?" అని గొణుగుతూనే వీరేష్ కిందికి పోయి ఫ్లాస్కు నింపుకొచ్చాడు.

రాగానే మళ్లీ మొదలైంది.

"మొగమట్ల పెట్టుకున్యావేమి? నిన్నెవరు రమ్మన్యారు?"

"నువ్వే గదమ్మే ఫోన్ చేసింది. బనగానపల్లె తోటలో మామిడికాయ కోతకు కూలోళ్లను పిలుచుకొని ఉంటి. అంతా ఇడిసిపెట్టి మొదటి బస్సుకు వచ్చినా."

"ముందు మా అన్నకే చేసినా. ఆయప్పకు పనుండాదంట."

"అంటే నాకు పని లేదని."

"నీకెప్పుడు పనుండాది?"

అవినాష్ శిల్ప చెవి దగ్గరకు వంగాడు. "చూడు బంగారం, ప్రేమ లేని కాపురమంటే ఇదే. మనం ఎప్పటికీ ఇట్లా కాకూడదు."

శిల్ప వీరేష్ తెచ్చిన ఫ్లాస్కులోంచి ఇంకో గ్లాసు వేడినీళ్లు పోసుకుంది.

అంతటితో ఊరుకోలేక అవినాష్ అటు తిరిగాడు. "అక్కా, ఏమనుకోవద్దు. అన్న ఎప్పుడైనా నిన్ను ప్రేమిస్తున్నానని చెప్పినాడా?"

"చెప్పకేమప్పా," అంది శివలీల. "పెండ్లిచూపులప్పుడు, నాకు చెనిక్కాయల చెట్నీ అంటే శానా ప్రేమ అన్యాడు."

ఇంతలో నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలంది.

"పేషెంటుకు మీరేమవుతారు?"

వీరేష్ శివలీల వైపు చూశాడు.

"మొగుడని రాసుకోమ్మా. ఇంకేమి రాస్తావు?" అంది ఆమె విసుగ్గా.

వీరేష్ పెన్ను పట్టుకున్నాడు. మొదటి అక్షరమే తప్పు రాసి కొట్టేశాడు. నర్సు ఇంకో కాగితం తేవలసి వచ్చింది.

స్ట్రెచర్ తోసుకుపోతుంటే అతనూ పక్కనే నడిచాడు. థియేటరు తలుపు దగ్గర శివలీల మెల్లగా అడిగింది. "నేను లెయ్యకుంటే?"

"నాకంత అదృష్టమా?" అన్నాడు వీరేష్. తలుపు మూసుకున్నాక చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

గంటన్నర పడుతుందన్న ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. రక్తం ఎక్కువగా పోతోందని, రెండు సీసాలు కావాలని లోపలి నుంచి కబురొచ్చింది. వీరేష్ గ్రూపు సరిపోయింది. ఒక సీసా ఇచ్చి, రెండోదాని కోసం కనపడిన ప్రతివాణ్నీ అడిగాడు. అవినాష్‌దీ అదే గ్రూపు.

"నాకు సూదంటే పడదన్నా," అన్నాడు అవినాష్. ధైర్యంగా ఉండమని మాత్రం రెండుసార్లు చెప్పాడు. ఆ రెండో సీసా బ్లడ్ బ్యాంకులో దొరికింది.

సాయంత్రానికి శివలీల కళ్లు తెరిచింది. "ఇంకా ఈడే ఉండావా?"

"బస్సు తప్పిపోయినాది," అన్నాడు వీరేష్.

అది మొదలు ఐదు రోజులు అతనికి బస్సు తప్పిపోతూనే ఉంది. ఆమెను లేపి నడిపించాడు, మొహం కడిగాడు, బెడ్‌పాన్ పెట్టి తీశాడు. గంజి చల్లగా ఉందని ఆమె తిట్టింది. వేడిగా తెస్తే నోరు కాలిందని తిట్టింది. అతను తిరిగి తిట్టాడు. శిల్ప పక్క మంచం మీద పడుకుని ఇదంతా చూస్తూ ఉండిపోయింది.

ఐదో రోజు అవినాష్ ఫోన్ పైకెత్తి, "బంగారం, కొంచెం నీరసంగా నవ్వు," అన్నాడు.

శిల్ప చెయ్యి చాచి ఆ ఫోన్ లాక్కుని దిండు కింద పెట్టుకుంది. "ఆ బకెట్లో నా బట్టలుండాయి. పోయి ఉతుక్కొని రా."

అవినాష్ పెళ్లయ్యాక మొదటిసారి బకెట్ ఎత్తుకుని వరండా చివర కుళాయి దగ్గరికి పోయాడు. అక్కడ వీరేష్ శివలీల నైటీ జాడిస్తున్నాడు. అవినాష్ కాసేపు సబ్బును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, మీ పెండ్లి ఎప్పుడైంది?"

"పదైదేండ్లాయ."

"మాకు నాలుగు నెలలకే ఇట్లుంది. దినామూ ఇంతగా కొట్లాడుకుంటూ మీరు ఒకే ఇంట్లో ఎట్లుంటాండారన్నా?"

వీరేష్ నైటీని గట్టిగా పిండి, తీగ మీద ఆరేసి, ముడతలు సరిచేశాడు.

"ఉండలేకనే గదప్పా, ఆరేండ్ల కిందట విడాకులు తీసుకున్నాం."