ఎర్రబడే గాజు

పీసీఓఎస్ అనే హార్మోన్ల జబ్బు ఉన్న ఆడవాళ్ళకు ఆసుపత్రివాళ్ళు తొడిగే గాజు, ఒత్తిడికి రక్తనాళాలు దెబ్బతింటుంటే ఎర్రబడుతుంది. ఇంట్లో ఎవరి మాటకు ఎక్కువ ఎర్రబడితే వాళ్ళు నెల్లాళ్ళు వేరేచోట ఉండాలని చట్టం. ఆ ఎవరో అత్తగారేనని ఊరంతటికీ నమ్మకం. కోడలు హైమను వదిలి వెళ్ళాల్సొస్తుందన్న భయంతో కామేశ్వరమ్మ వారంగా నోరు విప్పలేదు.

అయినా హైమ చేతి గాజు ఎర్రగానే ఉంది.

“నీ మంచికే చెప్తున్నా. అన్నం మానెయ్, టెన్షన్ పడకు,” అన్నాడు కొడుకు ఫణి హైమతో, నాలుగో పెసరట్టు తుంచుతూ. గాజు నిప్పుకణికైంది.

“మీరైనా ఏదో ఒకటి మాట్లాడండత్తయ్యా,” అంది హైమ.

“నువ్వూ ఓ అట్టు తినవే తల్లీ,” అంది కామేశ్వరమ్మ బెదురుతూనే.

ఎరుపు దిగింది.

కామేశ్వరమ్మ అటక మీంచి సూట్‌కేసు దించింది. “చొక్కాలు ఎన్ని సర్దమంటావురా, ఫణీ?”