మూడు వందల మాటలు

ఆ ఉదయం ఆకాశం బూడిద రంగు పూసుకొని చెట్ల మీదికి దిగి ఉంది. పొద్దు పొడిచిందో లేదో తెలియడం లేదు. చర్ల అడవిలోని ఆ గూడెం బడిలో, గురుకులం నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన జ్యోత్స్న మేడమ్ అదే ప్రశ్న నాలుగోసారి అడిగింది.

"గొప్పగా, చూడముచ్చటగా ఉన్నదాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారమ్మా?"

ఐదో తరగతి ప్రమీల పెదాలు బిగించి నేల చూపులు చూసింది.

పేరు, ఊరు అడిగితే తడుముకోలేదు. కౌ, ట్రీ, వాటర్ లాంటి పోయినేటి మాటలన్నీ గడగడా చెప్పింది. ఈ ఏడు నేర్చుకున్న పెద్ద మాటల దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడింది.

పక్కన నిలబడ్డ రవికుమార్ సారుకు చెమటలు పట్టాయి. అతను ఇల్లందు దగ్గరి తండా నుంచి వచ్చి ఈ బడిలో చేరి రెండేళ్లయింది. కొత్తగా పెట్టిన ఇంగ్లిష్ మీడియం గురుకులంలో ఈ చుట్టుపక్కల గూడేలన్నిటికీ కలిపి ఒక్కటే సీటు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి, అంటే వానలు మొదలైనప్పటి నుంచి, రోజుకు మూడో నాలుగో చొప్పున ప్రమీలకు మూడు వందల మాటలు నేర్పాడు.

రాయిస్తే ఒక్కటీ తప్పు పోదని మేడమ్‌కు చెప్పుకున్నాడు. ఆమె కాదనలేదు.

"రాత చూసిన సార్. ముత్యాల లెక్క ఉంది. కానీ అక్కడ పాఠమంతా ఇంగ్లిష్‌లోనే. నోరు విప్పని పిల్ల వారం కూడా ఉండదు, ఏడ్చుకుంట ఇంటికొస్తది." కాగితాలు సర్దుకుంది. "ఎల్లుండి మళ్లీ ఇటే వస్తా. అప్పుడు కూడా గిట్లనే ఉంటే సీటు వేరే గూడేనికి పోతది."

జీపు వెళ్లిపోయాక సారు ప్రమీలను భయమా అని అడిగాడు. కాదంది. మరిచిపోయావా అంటే అడ్డంగా తల ఊపింది. మరేమిటంటే తన ఇంటి వైపు చూసింది.

అదీ సంగతి అనుకున్నాడు సారు. ప్రమీల తాత పోతయ్య ఆ ఊరి పూజారి. మనవరాలిని హాస్టలుకు పంపడం ఆయనకు ఇష్టం లేదన్నమాట.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాడు. పోతయ్య వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. కంచె నిండా లేత చిక్కుడు వేలాడుతోంది. ఒక్క కాయా తెంపినట్టు లేదు. కొత్తగా చేతికొచ్చింది ఏదైనా సరే, పండుగ చేసి వేల్పులకు చూపించేదాకా ఆ గూడెంలో ఎవరూ నోట పెట్టరు. చిక్కుడు పండుగకు ఇంకా పదిహేను రోజులున్నాయి.

సారు బడిలో జరిగిందంతా చెప్పాడు. పోతయ్య చెయ్యి ఆపకుండానే విన్నాడు.

"ఎన్ని మాటలు నేర్పినవ్ సారూ?"

"మూడొందలు."

"అన్నీ ఈ యేటియేనా?"

"అవ్ తాతా. అన్నీ ఈ వానకాలంలో నేర్పినయే."

పోతయ్య కత్తి కింద పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకొని, మరో మాట లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. ఆయన గంతేనని, చాయ్ తాగి పొమ్మని ఆయన భార్య నాగక్క సర్దిచెప్పింది.

చీకటి పడకముందే డోలు మోగింది. చిక్కుడు పండుగ ఎల్లుండేనట.

మరునాడు బడికి ఒక్కరూ రాలేదు. ఆడవాళ్లు ఇళ్లు అలుకుతున్నారు. పిల్లలు కంచెల వెంట చిక్కుళ్లు కోస్తున్నారు. ప్రమీల కూడా అక్కడే ఉంది. సారుకు ఒళ్లు మండింది. తిన్నగా పోతయ్య దగ్గరికి నడిచాడు.

"కాయల గింజ కూడా పట్టలే. సరిగ్గ మేడమ్ వచ్చే రోజే పెట్టాల్నా పండుగ? పిల్లను పంపుడు ఇష్టం లేకుంటే నా మొఖం మీదనే చెప్పు తాతా."

పోతయ్య బోసినోటితో నవ్వాడు.

"మేడమ్‌ను అన్నానికి రమ్మను సారూ. జర పొద్దెక్కినంక."

"నీకు పిల్ల బతుకు కంటే పండుగ ఎక్కువైంది" అనేసి సారు వెనక్కి తిరిగాడు.

పండుగ నాడు మేడమ్ వచ్చేసరికి బడికి తాళం ఉంది. సారు తల దించుకొని ఆమెను ఊరి చివర ఇప్పచెట్ల కిందికి తీసుకుపోయాడు. పూజ అప్పుడే అయిపోయింది. నుదుట పసుపుతో ప్రమీల తనంతట తానే వచ్చి మేడమ్ ఎదురుగా నిలబడింది.

మేడమ్ పెద్దగా ఆశ పెట్టుకోకుండానే మొన్నటి ప్రశ్న అడిగింది.

"మాగ్నిఫిసెంట్" అంది ప్రమీల.

మేడమ్ కళ్లద్దాలు సవరించుకుంది. కష్టమొచ్చినా పని వదలకపోవడాన్ని ఏమంటారంది.

"పర్సివియరెన్స్."

"ఇష్టం లేక వెనకాడేవాళ్లను?"

"రిలక్టెంట్."

ఇరవై అయ్యాయి, నలభై అయ్యాయి. ఊరంతా చుట్టూ చేరింది. ముసలివాళ్లకు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా ప్రతి మాటకూ తలలూపారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అరవై దగ్గర మేడమ్ ఇక చాలని నవ్వి, పెన్ను తీసి సీటు కాగితం మీద ప్రమీల పేరు రాసింది.

ఈ రెండు రోజుల్లో ఏం జరిగిందో సారుకు అంతు చిక్కలేదు. అడగబోయేసరికి పోతయ్య పెదాల మీద వేలు పెట్టుకొని, విస్తరాకు చూపించాడు. పండుగ బంతిలో మాట్లాడకూడదు.

జొన్నన్నం, గింజ పట్టని చిక్కుడు కూర. మేడమ్, సారు, ప్రమీల, ఊరు ఊరంతా వరసగా కూర్చొని చప్పుడు లేకుండా తిన్నారు. సారు ముద్ద నములుతూ తలెత్తి, వేల్పుల ముందు పరిచిన మోదుగాకుల వైపు చూశాడు.

కొత్త చిక్కుళ్ల పక్కన, పసుపు పూసి, ప్రమీల ఇంగ్లిష్ మాటల నోటుబుక్కు ఉంది.