ఒక్కొక్కటే చెప్పున్రి

“ఏం గావాల్నో జెల్ది చెప్పవ్వా! నీ ఎనక గింతమంది నిలబడ్డరు.”

కల్లు పోస్తున్న సాయవ్వ విసుక్కుంది. నిజాం ఏలుబడి సాగుతున్న రోజులవి. సిద్దిపేట శివారు తాటివనంలో ఆ పొద్దు గిరాకీ జోరుగా ఉంది.

ఎదుట నిలబడ్డ ముసలామె ఎవరిదో బండెక్కి అక్కన్నపేట నుంచి వచ్చిందట. అడగాల్సిన మాట నోటికి రావడం లేదు.

“గదే బిడ్డా... గదేందంటరు... మందిల నాకు యాదికి రాదు.”

అందరూ పకపకా నవ్వారు.

అంతలో పైనుంచి కేక!

సాయవ్వ భర్త భిక్షపతి తాడిచెట్టు కొనన ఉన్నాడు. నడుమును చెట్టుకు పట్టి ఉంచే మోకు తెగి కింద పడింది. మట్టను కరుచుకుని వేలాడుతున్నాడు. గుడిసెలో ఇంకో మోకు ఉంది గానీ, దాన్ని పైకి తీసుకుపోయే గీతగాళ్ళంతా పక్క వనంలో ఉన్నారు.

ఇక చూడాలి జనం తెలివి!

“జారు భిక్షపతీ!”

“జారకు, సస్తవ్!”

“దుంకు! గొంగడి పట్టుకుంటం!”

ఎవరి మాట వినాలో తెలియక పాపం అతను ఒక కాలు కిందికి వదిలాడు. సాయవ్వ గుండెలు బాదుకుంది.

“నోర్లు మూసుకోన్రి!” ముసలామె గద్దించింది. “అందరొక్కసారే ఒర్రితె కిందున్న నాకే సమజైతలేదు, పైనున్నోనికేం సమజైతది?”

అందరూ గప్‌చిప్.

ఆమె పైకి చూస్తూ నిలబడింది. ఏది పచ్చి మట్టో, ఏది ఎండు మట్టో ఒక్కొక్కటే చూసింది. సాయవ్వకు ప్రాణం పోతోంది.

“బిడ్డా, పచ్చి మట్ట మీద కాలు పెట్టు. గంతే. ఇంకేం జెయ్యకు.”

పెట్టాడు.

“ఇగ మట్టల నడుమ కూసో.”

కూర్చున్నాడు.

“నెత్తి రుమాలు ఇప్పు. కత్తితోని పొడుగ్గ చీరి, పట్టీలు ముడేసి కిందికిడువు.”

“లగ్గం రుమాలవ్వా!”

“నీ పానం కంటె ఎక్కువనా?”

పట్టీ మెల్లగా దిగింది. దాని కొసకు సాయవ్వ గుడిసెలోని మోకు కట్టింది. భిక్షపతి లాక్కున్నాడు, నడుముకు బిగించాడు, చకచకా దిగేశాడు!

వనమంతా ఈలలు, కేకలు. అతన్ని భుజాల మీద ఊరేగించారు. సాయవ్వ ఏడుస్తూనే నవ్వింది. ముంత నిండా కల్లు పోసి ముసలామె కోసం చూస్తే, ఆమె ఎప్పుడో బండెక్కి వెళ్ళిపోయింది.

పక్క వనం నుంచి పరుగెత్తుకొచ్చిన ముసలి గీతగాడు బాలయ్య అంతా విన్నాడు.

“అక్కన్నపేట ముసలామెనా? అయ్యో, అట్లెట్ల పోనిచ్చిన్రు!”

“ఆమె నీకెరుకనా మామా?” అంది సాయవ్వ.

“ఎల్లవ్వ బిడ్డా! మొగడు తాడి మీదికెల్లి పడి సచ్చిపోతె, పిల్లలు పెద్దగయ్యెదాక నడుముకు మోకు కట్టుకోని తాడిచెట్లెక్కి కల్లు గీసింది గామెనే.”