దొంతి వెనక సంగటి

వాన జాడ లేదు. బేతంచెర్ల గనిలో పొద్దున్నుంచీ నాపబండలు తీసి రెండు దొంతులు పేర్చారు. ఎండ నడినెత్తికి రాగానే అందరూ సంగటి మూటలు విప్పారు. కొత్తగా చేరిన చిన్న ఈరన్న మాత్రం తన మూటతో మూలనున్న దొంతి వెనక్కు పోయాడు.

"మాతో తింటే కులం పోతాదేమో దొరకు! వాన్నన్నా పంపియ్యి, లేకుంటే మేమన్నా పోతాం," అన్నారు జట్టువాళ్లు, మేస్త్రీ బొజ్జన్నతో.

బొజ్జన్న దొంతి వెనక్కు వెళ్లాడు.

"ఏమప్పా, ఏం కత?"

"నలుగురు సూస్తాంటే ముద్ద గొంతు దిగదు మామా. నా పెండ్లిలో గూడా పస్తే ఉంటి."

బొజ్జన్న తిరిగొచ్చి, "అమావాస్య దాకా ఓర్చుకోండప్పా," అన్నాడు.

మర్నాడు పొద్దున స్టేషనుకు రాయి తోలే ఎద్దులబండి వచ్చింది. బొజ్జన్న మూల దొంతి మీది వరస ఎత్తించాడు.

"దారి పక్కన దొంతి పెట్టుకోని ఆ మూలకు రమ్మంటావే! నా ఎద్దులు నీకేం పాపం చేసినాయి మేస్త్రీ?" అన్నాడు బండివాడు.

"ఆ రాయే బాగుండాది."

రోజూ ఆ దొంతే తరిగింది. మధ్యాహ్నాలు మొదట ఈరన్న తలగుడ్డ కనబడింది, తర్వాత ముఖం, ఆ తర్వాత చెయ్యి. ఎవరైనా అటు తిరిగితే, "మీ సంగటి మీరు సూసుకోండి," అనేవాడు బొజ్జన్న.

అమావాస్య ముందునాటి పొద్దున ఆఖరు వరస కూడా బండెక్కింది. మధ్యాహ్నం ఈరన్న ఆ బయట్లోనే కూచుని తిన్నాడు.

"ఈరన్నా, మిరపకాయుంటే ఒగటియ్యి," అన్నారెవరో. లేచి పోయి ఇచ్చి, వాళ్ల పక్కనే కూచున్నాడు.

ఎండ తగ్గాక బండి స్టేషనుకు పోయింది. జట్టులోంచి మాత్రం ఎవరూ పోలేదు.