గొడుగు బొమ్మ

"అమ్మా, ఈ కోటు లోపలి గుడ్డ చిరిగింది. కాస్త చూస్తావా?"

కుట్టు షాపు ఆవిడ తల ఎత్తలేదు. ఫోనులో వీధి గ్రూపు మంచి ఊపు మీద ఉంది.

"అక్కడ పెట్టి కూచోండి తాతగారూ. ఒక్క నిమిషం."

ముసలాయన కోటు బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ ఒక్క నిమిషం అరగంట దాటింది.

గొడవ వీధి కాలువ గురించి. మూడో ఇంటి మేడం బేకరీ ఆయనను అంది. బేకరీ ఆయన మేడం గారి కుక్కను అన్నాడు.

"అబ్బ, ఎంత మాటన్నాడండీ! ఇప్పుడావిడ ఊరుకుంటుందా, చూడండి," అంది కుట్టు షాపు ఆవిడ. మిషను ఆగిపోయి చాలాసేపైంది.

పొద్దస్తమానం గోడకేసి చూస్తూ ఒక్కతే కుట్టుకునే మనిషి. ఫోను టింగుమంటే ఎవరో పనిగట్టుకుని పిలిచినట్టుండేది. తిట్లు వినడానికి పిలిచినా సరే, పిలుపు పిలుపే.

ఉన్నట్టుండి ఆవిడ మొహం మాడిపోయింది.

"ఏమైందమ్మా?"

"బేకరీ ఆయన నా మీద పడ్డాడు తాతగారూ! కాలువకి అడ్డం పడ్డవి నా గుడ్డపీలికలేనట. అవునంటే అవునంటున్నారు అందరూ. అయ్యో, షాపు ఓనరు కూడా వచ్చేశాడు! ఈమెని ఖాళీ చేయించమంటారా అని అడుగుతున్నాడు!"

ఆ షాపు పోతే ఆవిడకు వేరే ఆధారం లేదు.

ముసలాయన జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఆ తర్వాత ఫోను తీశాడు. "టైమెంతైందో ఏమో," అనుకుంటూ గుమ్మం బయటికి నడిచాడు.

కాసేపటికి ఆవిడ ఫోను టింగుమంది.

రాసింది 'గొడుగు'. ఎవరో, ఏ ఇంట్లో ఉంటాడో గ్రూపులో ఎవరికీ తెలియదు. మొహం ఉండాల్సిన చోట నల్ల గొడుగు బొమ్మ ఉంటుంది, అంతే.

'గుడ్డపీలికల తప్పేం లేదు. భూమి బల్లపరుపుగా ఉంది కదా, ఎటు పారాలో తెలియక నీళ్లు ఆగాయి.'

ఇక చూడాలి!

'అంచు దాకా వెళ్లి తొంగి చూసొచ్చావా సామీ?'

'జారిపడకుండా గొడుగు పట్టుకెళ్లావా?'

అప్పటిదాకా జుట్టూ జుట్టూ పట్టుకున్న బేకరీ ఆయన, మూడో ఇంటి మేడం ఒకటైపోయారు. పది నిమిషాల్లో గుడ్డపీలికల మాటే ఎవరికీ గుర్తులేదు. ఓనరు కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టి వెళ్లిపోయాడు.

కుట్టు షాపు ఆవిడకు ఊపిరొచ్చింది. ఊపిరి రాగానే హుషారూ వచ్చింది.

"నేనూ ఒకటి అంటించాను, వినండి తాతగారూ! 'నీకు పాఠం చెప్పిన మాస్టారెవరో గానీ, తల ఎక్కడ పెట్టుకుంటాడో పాపం!' ఎలా ఉంది?"

లోపలికొస్తున్న ముసలాయన పకపకా నవ్వాడు. "బాగా పెట్టావమ్మా గడ్డి!"

ఆవిడ అక్కడితో ఆగలేదు. గ్రూపు నడిపే మందుల షాపాయనకు రాసింది: 'అన్నయ్యా, ఈ గొడుగుని తీసేయండి. గ్రూపు పరువు పోతోంది.'

అందరూ బొటనవేళ్లు ఎత్తారు. గొడుగును తీసేశారు.

ముసలాయన తన ఫోను ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కోటుకి ఎప్పుడు రమ్మంటావమ్మా?"

"ఎల్లుండి రండి."

ఎల్లుండి వచ్చాడు. కాలేదు. వారం పోయాక మళ్లీ వచ్చాడు. లోపలి గుడ్డ మార్చడానికి కోటు చేతులు విప్పిన ఆవిడ, గ్రూపులో ఏదో గొడవ చదువుతూ ఎడమ చేయి కుడివైపు, కుడి చేయి ఎడమవైపు కుట్టేసింది.

"అయ్యయ్యో, విప్పి మళ్లీ కుడతాను తాతగారూ."

"తొందరేం లేదులేమ్మా," అని నవ్వి వెళ్లాడు. మరి రాలేదు.

నెల తిరిగింది. వాన పడింది, కాలువ పొంగింది. బేకరీ ఆయన మళ్లీ గుడ్డపీలికలు అందుకున్నాడు. ఈసారి ఫొటో కూడా పెట్టాడు.

ఆవిడ ఒకటి రాస్తే పదిమంది మీదికొచ్చారు. అడ్డుపడినవాళ్లు లేరు. చివరికి ఓనరు రాశాడు: 'నెలాఖరుకి ఖాళీ చేసేయమ్మా.'

అందరూ బొటనవేళ్లు ఎత్తారు.

ఆవిడ కళ్లు దేనికోసమో వెతికాయి. ఏదో ఒక పిచ్చిమాట, ఎవరో ఒకరు అనాల్సిన మాట. వేలు దానంతటదే పాత గొడవల్లోకి వెళ్లింది.

వాచ్‌మన్‌ను అందరూ దొంగ అన్న రోజు, గొడుగు: 'కోడిగుడ్లు చెట్టుకి కాస్తాయి.'

మేడ మీది కొత్త కోడల్ని అందరూ ఏడిపించిన రోజు, గొడుగు: 'చందమామ మా డాబాకి మూడు గజాల దూరం.'

ప్రతిసారీ ఒక మనిషిని చుట్టుముట్టినప్పుడే వచ్చాడు. ప్రతిసారీ ఆ మనిషిని వదిలేసి అందరూ అతని మీద పడ్డారు. అందరితోపాటు తనూ పడింది. తీసేయమన్నదీ తనే.

ఆ మాటల పక్కనే ఉన్న నెంబరుకు ఫోను చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"గొడుగు బొమ్మ పెట్టుకున్న ఆయనతో మాట్లాడాలమ్మా."

"నాన్నగారు పోయి పది రోజులైందండీ. నిద్రలోనే. మీరెవరు?"

"నేను... కుట్టు షాపు..."

"కుట్టు షాపా! ఆయన కోటు మీ దగ్గరేనా? అడిగొస్తానంటే వద్దనేవారు. పాపం, ఆవిడ తలకి మించిన పనిలో ఉంది, తొందరపెట్టకు అనేవారు."

గోడకు కోటు వేలాడుతోంది, చేతులు రెండూ తారుమారై.

ఫోను చెవి దగ్గరే టింగుమంటోంది, మళ్లీ మళ్లీ. ఆవిడ చూడలేదు. కోటు అందుకుని ఒళ్లో పెట్టుకుని, కుట్టు విప్పడానికి బ్లేడు తీసింది.

"ఇవాళే ఇచ్చేస్తానమ్మా." బ్లేడుతో మొదటి కుట్టు తెంపింది. "ఆఫీసుకి వేసుకెళ్లేవారా ఇది?"

"ఆఫీసు కాదండీ, బడి. నాన్నగారు ముప్ఫై ఐదేళ్లు పిల్లలకి భూగోళం పాఠం చెప్పిన మాస్టారు."