పేరు లేని గొంతు

"ఎవరబ్బా ఆ గురక?"

కళ్లు తెరవకుండానే అడిగింది హేమశ్రీ.

చంద్రగిరి కోట వెనుక, గుట్ట కింద చెట్ల మధ్య పదిమంది కళ్లు మూసుకుని కూర్చున్నారు. నెలకో ఆదివారం తెల్లవారుతుండగా హేమశ్రీ వాళ్లకు పిట్టల్ని చెవితో గుర్తుపట్టడం నేర్పుతుంది. కూత వినాలి, పేరు చెప్పాలి. చూడకూడదు, చప్పుడు చేయకూడదు.

అలాంటి చోట ఎవరో కొలిమితిత్తిలా ఊపిరి తీస్తున్నారు.

"ఎవరో పెద్దాయన మేడమ్," అన్నాడు నేర్చుకోవడానికి వచ్చిన ఢిల్లీబాబు. "ఇప్పుడే వచ్చినాడు. పేరు అడిగితే పలకడంలేదు."

వెనుక రాతి మీద ముసలాయన. మాఘమాసం చలికి మెడ చుట్టూ మఫ్లరు బిగించుకున్నాడు.

పొమ్మనలేక పొగబెట్టడం హేమశ్రీకి రాదు. నేరుగానే చెప్పింది.

"తాతా, నీ సప్పుడుకు పిట్టలు ఎగిరిపోతాండాయి. ఆ చింతచెట్టు కాడికి పోయి కూచో."

ముసలాయన తలూపి, లేచి వెళ్లాడు.

"నాకు ఈ విద్య నేర్పిన మనిషిని ఇప్పుడు వినిపిస్తా," అని హేమశ్రీ ఫోను తీసింది.

"ఎవరు మేడమ్ ఆయన?"

"అదే తెలిస్తే ఇంకేం కావాలి?"

కరోనా రోజుల్లో, వాళ్ల నాయన పోయిన నెలలో, ఆ ఫోనూ ఈ ఫోనూ దాటి, పిట్టల కూతలు చెప్పే ఆ గొంతు రికార్డింగు ఆమె ఫోనుకు చేరింది. అప్పుడు ఆమెకు ఎవరు ఓదార్చినా కంపరంగా ఉండేది. మేడ మీద పడుకుని ఆ గొంతొక్కటే విన్నది. బతికి బట్టకట్టింది దానివల్లేనని ఆమె నమ్మకం. ఆ మనిషి కాళ్లకు ఒక్కసారి దండం పెట్టుకోవాలని, ఆయనెవరో కనపడిన వాళ్లనల్లా అడిగింది. ఎవరికీ తెలియదు.

ఫోనులో గొంతు పలికింది.

"ఇను పాపా, పిల్లంగోవి ఊదినట్టు లేదూ? వంగపండు పిట్ట అది. కండ్లు మూసుకో. కండ్లు తెరిస్తే సెవులు మూసుకుంటాయి."

చింతచెట్టు కింద నుంచి ముసలాయన గబగబా వచ్చాడు. వేలితో ఫోను చూపించాడు. అరచేత్తో ఎదురొమ్ము మీద కొట్టుకున్నాడు. మళ్లీ ఫోను చూపించాడు, మళ్లీ కొట్టుకున్నాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కళ్ల వెంట నీళ్లు.

"అయ్యో, గుండెనొప్పి!" అంది హేమశ్రీ. "ఢిల్లీబాబూ, ఆటో పిలుచు!"

ముసలాయన కాదు కాదని తల అడ్డంగా ఊపాడు. ఫోను వైపు చెయ్యి చాపాడు.

"ఇంటికి ఫోన్ చెయ్యమంటాండాడేమో మేడమ్."

"నెంబరు చెప్పు తాతా, చేస్తాను."

ఆయన మరోసారి ఎదురొమ్ము మీద కొట్టుకున్నాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించారు. ఆటో కదిలేదాకా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"ఒళ్లు బాగలేనోళ్లు ఎందుకొస్తారో!" అని హేమశ్రీ విసుక్కుంది. "ఏమన్నా అయితే మన మెడకు చుట్టుకుంటుంది."

ఆ గొంతును మళ్లీ మొదటినుంచి పెట్టింది.

మరుసటి నెల ఆమె వచ్చేసరికి ఒక పెద్దావిడ చెట్టు కింద ఎదురుచూస్తోంది. తన పేరు చెంగమ్మ అని చెప్పింది.

"పోయిన నెల మా ఇంటాయన ఈడికి వొచ్చినాడు పాపా. మెడకు మఫ్లరు కట్టుకోని."

హేమశ్రీ దగ్గరికి వచ్చింది.

"ఎట్లున్నాడమ్మా?"

"పాయ పాపా. మొన్న శివరాత్రికి ముందు."

"గుండెనొప్పి అని మేము వెంటనే ఆసుపత్రికి పంపించినామమ్మా. ఆలస్యం చేయలేదు."

"గుండె బాగానే ఉండె. గొంతులో పుండు. రెండేండ్ల కింద వేలూరులో కోసి తీసేసినారు. ఆ పొద్దు నుంచి మాట లేదు, మెడకాడ బొక్కలో నుంచే ఊపిరి. సదువు రాదు, రాసి సూపించేదానికి. అది మళ్లా తిరగబెట్టె."

తప్పు తనది కాదని తేలగానే హేమశ్రీ ఊపిరి పీల్చుకుంది. సిగ్గుచేటే గానీ, ఆమెకు మొదట తోచింది అదే.

"అంత బాధతో ఈడికెందుకు వచ్చినాడమ్మా?"

"పిట్టలంటే పానం పాపా. ఆ పొద్దు ఇంటికొచ్చి, ఫోనునూ తన రొమ్మునూ సూపించి, నన్ను కూడా ఈడికి పిలుచుకోని వస్తానని సైగ చేసినాడు. ఆ లోపలే పాయ." చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంట్లో ఆయన ఫొటోలుండాయి, సొక్కాలుండాయి. గొంతొక్కటే లేదు. ఆయన మాటలు పట్టిన పాత ఫోను తోటలో నీళ్లతొట్లో పడి సెడిపాయ."

ఆమె హేమశ్రీ చేతిలోని ఫోను వైపు చూసింది.

"నీ దాంట్లో పిట్టల పేర్లు సెప్పేది మా ఇంటాయనే పాపా, ఒక్కసారి నాకు ఇనిపిస్తావా?"